ఇంటి స్టీరియో: వాట్ల భ్రమ, వినికిడి నిజం

ధ్వని యంత్రాలను గురించి మన ఊళ్ళలో రెండు విధాలైన విజ్ఞానం చెలామణిలో ఉన్నది. ఒకటి అట్టపెట్టె మీద అచ్చయినది. రెండవది అంగడి బల్ల దగ్గర నోటిమాటగా దొరికేది. మొదటిదానిని కంపెనీవారు రాస్తారు. రెండవదానిని ఒకరినుండి ఒకరు విని చెప్పుకుంటారు. ఈ రెండింటినీ భౌతికశాస్త్రమనే గీటురాయి మీద రుద్ది, నిగ్గు తేలినదేదో, తేలనిదేదో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది వేడుకకు చేసే విమర్శ కాదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే అనంతపురం మెట్టసీమలో, వేరుశనగ పండిన ఏడు కొన్న వస్తువు పండని ఏళ్ళలో కూడా పనిచేయవలె. భజనపాట గాని, సురభి నాటకపు పద్యం గాని, సినిమా పాట గాని ఇంట్లో చక్కగా వినవలెనన్న కోరిక తప్పు కాదు. ఆ కోరికతో కొన్న స్పీకరు ఆరు నెలలకే గరగరలాడితే, నష్టపోయేది తయారుచేసినవాడు కాదు, కొన్నవాడు. అందుచేత చౌక స్టీరియోను ఎన్నుకొనటం, వాడటం అనే విషయాలలో నిజమేదో తెలుసుకొనటం అవసరం.

వాట్లలో వట్టివెన్ని?

చౌక సెట్ల పెట్టెలపై 2,000 వాట్లు, 5,000 వాట్లు అనే అంకెలు పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. పక్కనే చిన్న అక్షరాలలో 'పి.ఎం.పి.ఒ.' అని ఉంటుంది. ఒక్క లిప్తకాలం పాటు యంత్రం నుండి రాబట్టగల అత్యధిక శక్తి అని దాని అర్థం చెబుతారు. ఆ లిప్త ఎంత, అప్పుడు స్వరం ఎంత వికృతమైనది, ఎన్ని స్పీకర్లను కలిపి లెక్కించారు అనే ప్రశ్నలకు అందరూ ఒప్పుకొన్న కొలమానం ఏదీ లేదు. కొలమానం లేని అంకెను శాస్త్రం అంకెగా లెక్కించదు.

దీనిని పరీక్షించటానికి ప్రయోగశాల అక్కరలేదు. సెట్టుతో వచ్చిన అడాప్టరును తిప్పి చూడండి. దానిపై '12 వోల్టులు, 2 ఆంపియర్లు' అని ఉన్నదనుకొందాము. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే 24 వాట్లు. లోనికి 24 వాట్లు మాత్రమే పోతున్నప్పుడు వెలుపలికి ఎడతెగకుండా 2,000 వాట్లు రావటం శక్తి నిత్యత్వ సూత్రానికి విరుద్ధం. బావిలో నాలుగు బిందెల నీరూరితే కపిల తోలినా, మోటారు పెట్టినా నలభై బిందెలు రావు. మెట్టసీమ రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇటువంటి అతిశయోక్తులు మన దేశానికే పరిమితం కావు. అమెరికాలో ఆంప్లిఫయరు తయారీదారుల అంకెలు మితిమీరిపోగా, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నియమం తెచ్చింది. వాట్లను ప్రకటించేవారు ఎడతెగక ఇవ్వగల శక్తిని నిర్ణీత పరిస్థితులలో కొలిచి చెప్పవలెనన్నది దాని సారాంశం. ఆ నియమాన్ని 2024లో మరింత బిగించారు. కనుక కొనేటప్పుడు 'ఆర్.ఎం.ఎస్.' అని పిలిచే నిలకడ శక్తి ఎంత అని అడగటం మొదటి జాగ్రత్త. ఆ అంకె దొరకకపోతే అడాప్టరు మీది అంకెలే మనకు సాక్షి. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఒక వాటుతో ఎంత పని?

ఇక్కడ పాఠకునికి నిరాశ కలుగవచ్చు. తన సెట్టు వేల వాట్లది కాక పది పదిహేను వాట్లదే అని తేలితే డబ్బు దండుగైనట్లేనా? కానేకాదు. వినటానికి కావలసిన శక్తి మనం అనుకొనేదానికన్న ఎంతో తక్కువ.

ధ్వని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. శక్తి రెట్టింపైతే 3 డెసిబెల్‌లు, పదింతలైతే 10 డెసిబెల్‌లు పెరుగుతాయి. మన చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచటానికి సుమారు 10 డెసిబెల్‌లు, అనగా పదిరెట్ల శక్తి కావలె. 20 వాట్ల సెట్టు తీసివేసి 40 వాట్లది కొన్నవానికి లభించేది 3 డెసిబెల్‌లు మాత్రమే. అది గమనిస్తేనే తెలిసేంత తేడా.

సాధారణమైన ఇంటి స్పీకరు ఒక వాటు శక్తితో, ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్‌ల ధ్వని ఇస్తుందనుకొందాము. రెండు మీటర్ల దూరానికి అది 80కి తగ్గుతుంది. రెండు పెట్టెలు కలిసి పలుకుతాయి గనుక 83 అవుతుంది. గోడలనుండి మరలివచ్చేది దీనికి అదనం. మామూలు సంభాషణ 60 డెసిబెల్‌ల ప్రాంతంలో ఉంటుంది. 63 డెసిబెల్‌ల స్థాయిలో పాట వింటే ఖర్చయ్యేది వాటులో నూరవ వంతు! మృదంగపు దెబ్బ, తాళపు మోత వంటివి సగటుకన్న 20 డెసిబెల్‌లు పైకి లేచినా, ఆ క్షణానికి ఒక వాటు చాలును. కనుక నిజమైన పది వాట్లు ఉన్న సెట్టు సామాన్యగృహానికి ధారాళంగా సరిపోతుంది. మన ఊళ్ళ రేడియో మెకానిక్కులు ఎన్నో ఏళ్ళపాటు అమర్చి ఇచ్చిన సెట్లలో ఉన్న 'ఎల్.ఎ. 4440' అనే చిన్న చిప్పు ఒక్కొక్క వైపుకు 6 వాట్లు మాత్రమే ఇచ్చేది. దానితో ఇల్లంతా పాట వినిపించటంలో వింత ఏమీ లేదు.

దీనినిబట్టి మరొక సంగతి తెలుస్తున్నది. వాట్లకన్న స్పీకరు యొక్క సున్నితత్వం ముఖ్యం. 84 డెసిబెల్‌ల స్పీకరుకు నాలుగు వాట్లు పోసి రాబట్టే ధ్వనిని 90 డెసిబెల్‌ల స్పీకరు ఒక్క వాటుతో ఇస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేయవలసిన అంకె నిజానికి ఇది.

స్పీకరును కాల్చేది ఎవరు?

స్పీకరు పాడైనప్పుడు అంగడిలో వినిపించే తీర్పు ఒకటే: 'ఆంప్లిఫయరు పెద్దదైపోయింది'. మరికొందరు దీనికి తలకిందులుగా, 'ఆంప్లిఫయరు చిన్నది, అందుకే కాలిపోయింది' అంటారు. రెండింటిలోనూ కొంత నిజం, కొంత పొరపాటు ఉన్నది.

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన రైస్, కెల్లాగ్ అనేవారు వివరించిన స్పీకరు నమూనాయే నేటికీ మన ఇళ్ళలో ఉన్నది. అయస్కాంతపు సందులో తీగచుట్ట. దానికి అతికించిన కాగితపు శంకువు. తీగచుట్టలో పారే విద్యుత్తుకు అనుగుణంగా శంకువు ముందుకు వెనుకకు కదిలి గాలిని కంపింపజేస్తుంది. సాధారణ స్పీకరులో విద్యుచ్ఛక్తిలో సుమారు నూటికి ఒక వంతే ధ్వనిగా మారుతుంది, తక్కినదంతా వేడి. ఆ వేడిని భరించవలసినది వెంట్రుకవంటి తీగచుట్ట. అది రెండు విధాల చెడుతుంది: వేడికి జిగురు వదలి, తీగ కాలటం ఒకటి, శంకువు హద్దుమీరి కదిలి, చుట్ట అడుగున తగిలి నలగటం రెండవది.

చిన్న ఆంప్లిఫయరు కాల్చటమెట్లా? ప్రతి ఆంప్లిఫయరుకూ ఒక కప్పు, ఒక నేల ఉంటాయి. తనకు అందే వోల్టేజిని మించి అలను ఎత్తలేదు. దానిని మించి పెంచితే అల శిఖరాలు నరికినట్లు చదునవుతాయి. గుండ్రని అల పూర్తిగా చదునై చతురస్రాకారం దాల్చితే, అదే శిఖర వోల్టేజికి సగటు శక్తి రెట్టింపవుతుంది. 20 వాట్ల యంత్రం ఆ స్థితిలో 40 వాట్ల వరకు పోయగలదు. అంతకన్న ముఖ్యమైనది ఇంకొకటి. సంగీతంలో శక్తి ఎక్కువభాగం మంద్రస్వరాలలో ఉంటుంది. తారస్వరాల వాటా కొద్ది. ఆ వాటాకు తగినట్లే ట్వీటరును కొద్ది వాట్లు మాత్రమే ఓర్చేటట్లు చేస్తారు. మంద్రపు శిఖరాలు నరికివేతకు గురైన తరువాత కూడా మీట తిప్పుతూ పోతే, మంద్రం పెరగదు గాని తారం పెరుగుతూనే ఉంటుంది. నరికిన అంచులనుండి పుట్టిన కొత్త తారస్వరాలు దానికి తోడవుతాయి. ట్వీటరు మాడిపోవటానికి కారణం ఇది. కనుక చిన్న యంత్రం దోషి కాదు, పెద్ద యంత్రమూ దోషి కాదు. వికృతమైన ధ్వని వినిపిస్తున్నా మీటను వెనుకకు తిప్పని చేయి దోషి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు స్పీకరును నిందించి లాభం లేదు.

శక్తి మిగులు గల ఆంప్లిఫయరు, అదుపు గల చేయి ఉంటే చిన్న స్పీకరు కూడా దీర్ఘకాలం బ్రతుకుతుంది. గరగర వినిపించగానే మీటను తగ్గించటం, దానికి మించిన రక్షణ లేదు.

తీగచుట్ట వేడెక్కితే దాని నిరోధం కూడా పెరుగుతుంది. రాగికి ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున లెక్కవేస్తే, 150 డిగ్రీలు వేడెక్కిన చుట్ట నిరోధం దాదాపు 1.6 రెట్లవుతుంది. అప్పుడు ధ్వని సుమారు 4 డెసిబెల్‌లు తగ్గుతుంది. వినేవాడు అది తగ్గిందని మళ్ళీ మీట పెంచుతాడు; చుట్ట ఇంకా వేడెక్కుతుంది. పండుగనాడు గంటల తరబడి మోగించిన స్పీకర్లు సాయంకాలానికి చచ్చిపోవటంలోని రహస్యం ఇది.

కరెంటు, ఎండ, దుమ్ము

విదేశాలలో రాసిన సలహాలు అక్కడి చల్లని, తివాచీలు పరచిన, చెక్కగోడల ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని రాసినవి. అనంతపురం ఇంటికి వాటిని యథాతథంగా అన్వయించటం పొరపాటు. ఇక్కడి పరిస్థితులను విడిగా లెక్కించవలె.

మొదటిది కరెంటు. బోరుమోటార్లు ఒక్కసారిగా నడిచేటప్పుడు పల్లెలో వోల్టేజి పడిపోవటం మామూలు. పాతరకం ట్రాన్స్‌ఫార్మరు గల ఆంప్లిఫయరులో, 230 వోల్టులు 180కి దిగితే లోపలి వోల్టేజి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. శక్తి వోల్టేజి వర్గాన్నిబట్టి మారుతుంది కనుక 20 వాట్ల యంత్రం సుమారు 12 వాట్లదైపోతుంది. నిన్న రాత్రి నిర్మలంగా పలికిన స్థాయిలోనే నేడు పగలు అలలు నరకబడతాయి. మీట అదే చోట ఉన్నదన్న ధీమా పనికిరాదు, చెవినే నమ్మవలె. నేటి స్విచ్చింగ్ అడాప్టర్లు ఈ హెచ్చుతగ్గులను చాలవరకు సరిచేస్తాయి. ఈ విషయంలో కొత్త చౌక సెట్టు పాత బరువైన సెట్టుకన్న మేలని ఒప్పుకోక తప్పదు. కరెంటు పోయినప్పుడు సెట్టు స్విచ్చి తీసివేయండి. తిరిగి వచ్చినప్పుడు పుట్టే 'దబ్' అనే కుదుపు శంకువుకు దెబ్బ. పెట్టేటప్పుడు ఆంప్లిఫయరు చివర, తీసేటప్పుడు ఆంప్లిఫయరు మొదట అన్నది నియమం.

రెండవది ఎండ. వేసవిలో 40 డిగ్రీలు దాటిన గాలి స్పీకరు చుట్టకన్న ఆంప్లిఫయరుకే ఎక్కువ హాని చేస్తుంది. దాని వేడిని గుంజుకొనే అల్యూమినియం రెక్కలకు చల్లనిగాలి తగలవలె. గూటిలో బిగించి, పైన లేసుగుడ్డ కప్పటం అందంగా ఉండవచ్చు గాని యంత్రానికి అది ఉక్కిరిబిక్కిరి. పైన, వెనుక జానెడు ఖాళీ విడిచిపెట్టవలె.

మూడవది దుమ్ము. గాలికాలంలో లేచే ఎర్రమట్టి ధూళి స్పీకరు ముందరి గుడ్డను దాటి, శంకువుపై పేరుకొంటుంది. టోపీ ఊడిన స్పీకరైతే అయస్కాంతపు సందులోకే చేరి, చుట్టను గీరుతుంది. వాడనప్పుడు పలుచని గుడ్డ కప్పటం మంచిది. మోగించేటప్పుడు తీసివేయవలె. శంకువును తడిగుడ్డతో తుడవరాదు. మెత్తని కుంచె చాలు.

పొడిగాలివల్ల తారస్వరాలు చస్తాయని ఒక మాట ఉన్నది. ఆరుబయలు నాటకానికి అది నిజం. ఎండిన గాలి హెచ్చు పౌనఃపున్యాలను తేమగాలికన్న ఎక్కువగా పీల్చివేస్తుంది. నూరు మీటర్ల దూరంలో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇంట్లో మూడు మీటర్ల దూరానికి అది లెక్కలోకి రాదు.

గది కూడా వాద్యమే

ధ్వనిలోని సగం గుణం గదిది. ఈ సంగతి పెట్టె మీద ఉండదు, అంగడివారూ చెప్పరు.

1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట అర్థమయ్యేది కాదు. ఒక్క శబ్దం అణగిపోవటానికి ఐదున్నర సెకండ్లు పట్టేది. దానిని పరిశీలించటానికి నియుక్తుడైన వాలెస్ సబైన్ పక్కనున్న నాటకశాలనుండి కుర్చీల దిండ్లు రాత్రివేళ మోయించి తెచ్చి, ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం సహాయంతో ప్రయోగాలు చేశాడు. మెత్తని వస్తువు పెరిగినకొలదీ అనురణన కాలం తగ్గుతుందని సూత్రం కట్టాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శోషణతో భాగిస్తే సెకండ్లు వస్తాయి.

మన గదికి ఈ లెక్క కట్టుదాము. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు: 36 ఘనమీటర్లు. కింద తాడిపత్రి బండలు, చుట్టూ సిమెంటు పూసిన గోడలు, పైన స్లాబు. మొత్తం 66 చదరపు మీటర్లు నూటికి 3 వంతుల ధ్వనినే పీల్చుకొంటాయనుకొంటే శోషణ 2. అనురణన కాలం 2.9 సెకండ్లు! అటువంటి ఖాళీగదిలో ఎంత ఖరీదైన స్పీకరైనా బావిలోనుంచి పలికినట్లుంటుంది. ఇప్పుడు ఆరు చదరపు మీటర్ల మేర మందమైన గొర్రె ఉన్ని కంబళ్ళు గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా వేలాడదీయండి. అవి సగం ధ్వనిని పీల్చితే శోషణ 5కు చేరి, కాలం 1.2 సెకండ్లకు దిగుతుంది. ఇద్దరు మనుషులు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. కురుబవారు నేసే కంబడి ఈ సీమలో ఇంటింటి వస్తువు. బొంతలు, వేరుశనగకాయల గోనెమూటలు కూడా ఈ పనికి అక్కరకు వస్తాయి. మట్టిమిద్దెల దూలాలు, దంతెలు కూడా పైకప్పునుండి మరలే ధ్వనిని చెదరగొట్టేవి. స్లాబు ఆ పని చేయదు.

ఐతే కంబడికి హద్దున్నది. అది తారస్వరాలను, మధ్యస్వరాలను పీల్చుతుంది, మంద్రాన్ని పట్టలేదు. మూడు మీటర్ల గోడల మధ్య సుమారు 58 హెర్ట్జ్ స్వరం నిలిచిపోయి, ఒకచోట హోరుమని, మరొకచోట మాయమై ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన గదిలో ఈ దోషం ఒకచోట కుప్పపడుతుంది. దీనికి వైద్యం కూర్చునే చోటును మార్చటమే. ఒక అడుగు జరిగితే దొరికే లాభం డబ్బు పోసినా దొరకదు.

కొద్ది ఖర్చుతో చేయదగిన పనులు

స్టీరియో అనగా రెండు పెట్టెలు మాత్రమే కాదు. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లీన్ హక్కుపత్రం కోరిన ఈ పద్ధతిలో, రెండు వైపులనుండి వచ్చే ధ్వనుల మధ్య సూక్ష్మభేదమే గాయకుని మధ్యలో నిలుపుతుంది. రెండు పెట్టెలనూ బీరువా మీద పక్కపక్కన పేర్చితే ఆ ప్రయోజనం పోయినట్లే. పెట్టెలు రెండు, శ్రోత ఒకడు సమబాహు త్రిభుజపు మూడు మూలల్లో ఉండవలె. ట్వీటరు కూర్చున్నవాని చెవి ఎత్తున ఉండవలె.

తీగల తలకిందులు సాధారణ దోషం. ఒక స్పీకరుకు తీగలు తారుమారైతే ఒక శంకువు ముందుకు వచ్చేటప్పుడు మరొకటి వెనుకకు పోయి, మంద్రం కరగిపోతుంది. తీగలు ఆంప్లిఫయరునుండి విప్పి, 1.5 వోల్టుల టార్చి సెల్లును వూఫరుకు లిప్తకాలం తాకించండి. ధనధ్రువం తగిలిన కొస ఏదైతే శంకువు వెలుపలికి వచ్చునో దానికి గుర్తు పెట్టండి. ఖర్చు లేదు, ఫలితం మాత్రం కొత్త సెట్టు కొన్నంత.

ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే నాలుగు ఓమ్‌లు, విద్యుత్ప్రవాహం రెట్టింపవుతుంది. ఆంప్లిఫయరు వెనుక రాసిన కనీసపు ఓమ్‌లకన్న తగ్గనీయరాదు.

బంగారుపూత తీగల మోజు మరొక వ్యర్థం. 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు ఇంటి వైరింగు రాగితీగ అయిదు మీటర్ల దూరానికి, రాకపోకలు రెండూ కలిపి 0.12 ఓమ్ నిరోధం చూపుతుంది. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు అది లెక్కకురాని నష్టం. అయితే దారపుపోగు వంటి సన్నతీగ మాత్రం వాడరాదు.

మంద్రపు మీటను చివరిదాకా తిప్పటం అన్నిటికన్న పెద్ద దురలవాటు. 10 డెసిబెల్‌లు హెచ్చించటానికి పదిరెట్ల వాట్లు కావలె. పైగా స్వరం ఒక స్థాయి దిగితే, అదే తీవ్రతకు శంకువు నాలుగింతలు కదలవలె. నాలుగంగుళాల శంకువుకు అది సాధ్యం కాదు. మంద్రం చాలకపోతే పెట్టెను గోడ దగ్గరకు జరపండి. గోడ ఒక్క వాటు అడగకుండా మంద్రాన్ని పెంచి ఇస్తుంది. తక్కువ స్థాయిలో వినేటప్పుడు మంద్రం పలుచబడినట్లు తోచటం స్పీకరు దోషం కాదు, చెవి స్వభావమని 1933లో ఫ్లెచర్, మన్సన్ ప్రయోగపూర్వకంగా చూపారు. అప్పుడు మీటను కొద్దిగా పెంచటం న్యాయమే. స్థాయి పెంచినప్పుడు దానిని తిరిగి తగ్గించటం మరచిపోరాదు.

చెవికి మరమ్మతు లేదు

స్పీకరు కాలితే చుట్ట మార్పించవచ్చును. లోపలిచెవిలోని రోమకణాలు నశిస్తే మళ్ళీ మొలవవు. పెద్దలకు వారానికి 80 డెసిబెల్‌లు 40 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ప్రతి 3 డెసిబెల్‌ల హెచ్చుకూ ఆ కాలం సగమవుతుంది. 89 డెసిబెల్‌లైతే వారానికి అయిదు గంటలే. పొరుగువారి హక్కు కూడా ఉన్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాసస్థలాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లను హద్దుగా నిర్ణయించాయి. ఎవరి స్టీరియో గొప్పదో ఊరంతటికీ తెలియవలెనన్న పట్టుదలలో మొదట పోయేది స్వరం, తరువాత స్పీకరు, చివరకు వినికిడి.

ఇంతకూ తేలినదేమి? అట్టపెట్టె మీది వాట్లు అబద్ధం. అయినా నిజమైన కొద్ది వాట్లే మనకు చాలును. నోటిమాటలో సగం నిజమున్నది. మిగతా సగాన్ని చెవి సరిదిద్దుతుంది. తయారీదారులు నిలకడ శక్తి, ఓమ్‌లు, సున్నితత్వం అనే మూడు అంకెలను తెలుగులో స్పష్టంగా అచ్చువేయటం న్యాయం. అంతవరకు కొనేవారు ఆ మూడింటినీ అడిగి తీసుకోవలె. మన జూనియర్ కళాశాలల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు ఒక పాత స్పీకరు, ఒక టార్చి సెల్లు, ఒక కంబడి తరగతిలోకి తెస్తే చాలును. ఓమ్ సూత్రం, శక్తి నిత్యత్వం, అనురణనం అనే మూడు పాఠాలు ఒక్క పూటలో పిల్లలకు కళ్ళకు కట్టుతాయి; ఆ పిల్లలు ఇంటికి పోయి పెట్టెలను సరిగా జరుపుతారు.